గోడకి కట్టు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు గోడకి కట్టు మార్చడం కాజాలమ్మకి అలవాటు. ఆ తర్వాతే కాఫీ.

టైలరు షాపులో చొక్కాలకి కాజాలు కుట్టడం ఆవిడ పని. పాతికేళ్లుగా అదే పని కావడంతో అసలు పేరు జనం మర్చిపోయారు. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఉన్న ఒక్క కొడుకు సైన్యంలో చేరాడు. ఇరవై ఒకటో ఏట, సరిహద్దు దగ్గర బండి మీద ఫిరంగి గుండు పడి, డొక్కలో ఇనపముక్కలు దిగాయి. పదిహేడు రోజులు మిలటరీ ఆస్పత్రిలో ఉన్నాడు. కాల్పుల వల్ల అటు దారులు మూసేసి ఉన్నాయి. తెరిచారని తెలిసి, మొగుడూ పెళ్లాలు రెండు రైళ్లు మారి సగం దూరం వెళ్లేసరికి కబురే ఎదురొచ్చింది.

వాణ్ని సాగనంపిన మూడో రోజున వాడి మంచం పక్క గోడకి, సరిగ్గా డొక్క ఎత్తులో, చెమ్మ కనపడింది. పైపు పగిలిందేమోనని మేస్త్రీని పిలిచారు. అతను గోడ మీద అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. వెచ్చగా ఉంది.

“ఇది గాయమమ్మా. దీనిక్కావాల్సింది నా ప్లాస్టరు కాదు, ఎదురింటి నర్సమ్మ ప్లాస్టరు,” అని తాపీ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

రిటైరైన నర్సమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. “లోతుగానే ఉంది. రోజూ కడగాలి. బద్ధకించావో, చీము పడుతుంది. ముందు వాసన చూడు, తర్వాతే కంటితో చూడు. కన్ను మోసపోతుంది గానీ ముక్కు మోసపోదు.”

కాజాలమ్మ వారంలో నేర్చుకుంది. సన్నపని తెలిసిన వేళ్లాయె. ఇరుగుపొరుగు వాళ్లు వీధిలో కనపడితే “ఇవాళెలా ఉంది?” అని అడిగేవాళ్లు. “నిన్నటికంటే నయం,” అనేది. డ్రైవరు ఆ గదిలోకి అడుగుపెట్టేవాడు కాదు. కానీ శనివారం వచ్చిందంటే కట్టుకి కావాల్సిన గాజుగుడ్డ చుట్ట బల్ల మీద ఉండేది. ఊరికి రమ్మని చెల్లెలు పిలిస్తే, “కట్టెవరు మారుస్తారే?” అని కాజాలమ్మ ఫోను పెట్టేసేది. అలా ఏడాదిన్నర గడిచింది.

ఒక మధ్యాహ్నం, డ్రైవరు బస్సు వీధి చివర ఆపి భోజనానికొచ్చిన వేళ, గుమ్మంలో ఒక కుర్రాడు తల వంచి నిలబడ్డాడు. వంచకపోతే ద్వారబంధం తలకి తగిలేలా ఉన్నాడు.

“ఆస్పత్రిలో మీవాడి పక్క మంచం నాదేనమ్మా,” అన్నాడు.

“పొడుగువా?” అంది. కొడుకు ఉత్తరాల నిండా వీడి ఊసే.

పొడుగు ఒక పక్కకి ఒరిగి కుర్చీలో కూర్చున్నాడు. గదిలో గోడకున్న కట్టు అక్కణ్నుంచి కనపడుతోంది. దాన్ని చూశాడు.

“చివరిదాకా జోకులేనమ్మా వాడు. ‘ఈ కుట్లు మా అమ్మ చూసిందంటే డాక్టరుకి చెవి మెలేస్తుంది, కాజా ఇలాగేనా కుట్టేది’ అనేవాడు.”

కాజాలమ్మ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడక చాన్నాళ్లయింది కాబట్టి డ్రైవరు తినడం ఆపి చూశాడు.

“ఒకటి చెప్పాలని వచ్చాను. ఆ రోజు బండిలో కిటికీ పక్క సీటు నాది. గాలి కావాలంటే వాడికిచ్చాను.” పొడుగు నేల చూస్తున్నాడు.

డ్రైవరు చెయ్యి కడుక్కొచ్చాడు. “వాడికి నడక రాకముందు నుంచీ నా బస్సులో కిటికీయే కావాలి,” అన్నాడు. “నువ్వివ్వకపోతే నీ ఒళ్లో కూర్చునేవాడు.”

కాజాలమ్మకి ఆ మాటలు సగమే వినపడ్డాయి. పొడుగు పూసుకున్న సెంటు కింద నుంచి ఇంకో వాసన వస్తోంది.

“చొక్కా తియ్యి.”

“మానిపోయిందమ్మా.”

“తియ్యమన్నానా!”

నడుము పైన పాత కట్టు ఒంటికి అతుక్కుపోయింది. ఆవిడ తడిపి విప్పింది. అంచులు నల్లబడి, చుట్టూ వాచి, ఎర్రటి గీత ఒకటి వీపు మీదికి పాకింది.

“ఆస్పత్రికెళ్లడం ఎప్పుడు మానేశావు?”

“రెండు నెలలైంది. వాడే లేనప్పుడు నాకెందుకులే అని.”

ఆవిడ తిట్టలేదు. మొగుడి వంక చూసింది. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ రూటు తప్పని మనిషి తాళాలు తీసుకుని లేచాడు. ఖాళీ బస్సులో ముగ్గురూ పెద్దాసుపత్రికి వెళ్లారు.

గోరులో సగమంత ఇనపముక్క బయటపడింది. “ఇంకో రెండు రోజులాగితే మనిషి దక్కేవాడు కాదు. ఎవరు కనిపెట్టారు?” అని డాక్టరు అడిగాడు.

“మా ఇంట్లో ఒక గాయం ఉందండీ,” అంది కాజాలమ్మ. డాక్టరు తలూపి కాగితం మీద సంతకం పెట్టాడు.

మూడు రోజులు ఆవిడ ఇంటికి రాలేదు. వచ్చాక చూస్తే గాజుగుడ్డ కింద పడి ఉంది. గోడ చల్లగా, పొడిగా ఉంది. తెల్లటి సన్నగీత మాత్రం మిగిలింది. కాసేపు మంచం మీద కూర్చుని, లేచి, ఆస్పత్రికి సంచి సర్దుకుంది.

“మీ అమ్మకి తెలుసా?” అని పొడుగుని అడిగింది ఆ సాయంత్రం.

“లేదు. ఇంటి ముఖం చూసి ఏడాదైంది. ఏం చెప్పాలో తెలీక.”

“నంబరు చెప్పు.”

అటు పొడుగు వాళ్లమ్మే ఎత్తింది. కాజాలమ్మ తనెవరో చెప్పింది, వార్డు నంబరు చెప్పింది, కుట్లు శుక్రవారం విప్పుతారని చెప్పింది. అవతలి నుంచి ఊపిరి ఒక్కటే వినపడింది. ఈవిడ ఫోను చెవికి ఆనించుకునే ఉంది. తర్వాత అటునుంచి, ఇప్పుడే బయల్దేరుతున్నాను, ఏ బండి దొరికితే ఆ బండెక్కుతాను అంది ఆ తల్లి.

“కంగారు పడకండి,” అంది కాజాలమ్మ. “భోంచేసే రండి. టైముంది.”