ఫిలెమోని కిక్కురుమనలేదు

ఫిలెమోనికి పంతొమ్మిదేళ్లు. పొద్దున చాప మీంచి లేవడానికి గంట పట్టేది. ముందు పక్కకు దొర్లి, మోచేతి మీద ఆగి, ఊపిరి కూడదీసుకుని, డెబ్బై ఏళ్ల ముసలాడిలా లేచేవాడు. మధ్యాహ్నానికి నడుము కొంచెం సడలేది. ఒక్కోరోజు సాయంత్రం కుర్రాళ్లతో వాలీబాల్ కూడా ఆడేవాడు. ఆ వాలీబాలే వాడి కొంప ముంచింది.

"రాళ్లు కాల్చి దుంపలు వండే వేళకి నడుం నొప్పి, బంతాట వేళకి మాయం. గడియారం చూసుకుని వస్తదేంట్రా నీ నొప్పి?" అనేవాడు మేనమామ తఫూనా. ఆ కుటుంబానికి పెద్ద ఆయనే. ఆయన అవునంటేనే ఎవరైనా ఊరు దాటేది.

వెన్నుపూసల కీళ్లలో వాపు అని ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పింది. పడుకుంటే పెరుగుతుంది, కదిలితే కాస్త నయం, పూర్తిగా పోయేది కాదు, రాజధాని ఆపియా వెళ్లి మందు మొదలుపెట్టాలి అంది. తఫూనా పడీ పడీ నవ్వాడు. "పడుకుంటే పెరిగే రోగమా? బద్ధకానికి కొత్త పేరు పెట్టిందిరా ఆవిడ." ఎద్దు పుండు కాకికి నొప్పా! వాణ్ణి నమ్మింది తల్లి లగి ఒక్కతే.

ఆ ఏడు తఫూనా కొడుకు ఉఏలికి పచ్చబొట్టు పొడిపించాలనుకున్నారు. నడుము నుంచి మోకాళ్ల దాకా పొడుస్తారు, మగవాడి ఓర్పుకి అదే పరీక్ష. ఒంటరిగా పొడిపించుకోకూడదు, జోడీ కావాలి. ఫిలెమోని నేనున్నానన్నాడు.

"వద్దు నాన్నా," అంది లగి. "సగంలో లేచిపోతే తరతరాలు తలెత్తుకోలేం."

"లేవనమ్మా."

వాడి లెక్క వాడిది. ఇంత నొప్పి ఓర్చుకున్నవాడు పిరికివాడు కాడని అందరూ చూస్తారు. అలాంటివాడే నడుం నొప్పి ఓర్చుకోలేకపోతున్నాడంటే, ఆ నడుములో నిజంగానే ఏదో ఉందని మావయ్యకు తట్టకపోదు, ఆపియా పంపకపోడు. పిచ్చి సన్నాసి.

పన్నెండు రోజులు పట్టింది. పచ్చబొట్టు పొడిచే పంది కోర పళ్ల దువ్వెన మీద సుత్తి పడుతుంటే ఉఏలి గుడ్డ కొరుకుతూ గోలపెట్టాడు. ఆడవాళ్లు వాడి తల ఒళ్లో పెట్టుకుని పాటలు పాడారు, విసనకర్రలతో విసిరారు. రక్తం కనిపించే నొప్పికి ఊరంతా చుట్టాలే.

ఫిలెమోనికి ఆ దువ్వెన పెద్ద లెక్కలోకి రాలేదు. మండేది, సుత్తి ఆగితే ఆగేది. కదలకుండా గంటలకొద్దీ పడుకోవడమే నరకం. వెన్ను లోపల ఎముకను ఎవరో పిడికిట్లో పట్టి పిండుతున్నట్టుండేది. నాలుగేళ్లుగా ఆ నొప్పిని నోరు మూసుకుని మింగినవాడు, ఇప్పుడూ మింగాడు.

"ముప్ఫై ఏళ్లుగా పొడుస్తున్నా. ఇంత గట్టి పిండాన్ని చూళ్లేదు," అన్నాడు పచ్చబొట్టు పొడిచే పెద్దాయన.

చివరి రోజు విందులో తఫూనా లేచి నిలబడ్డాడు. కళ్లు చెమర్చి ఉన్నాయి.

"మావాడి నడుం జబ్బుదన్నారు. పన్నెండు రోజులు ఆ నడుం మీదే సుత్తి పడింది. కిక్కురుమన్నాడా? జబ్బు నడుం అట్లా పడుంటదా? వీడికున్నది బద్ధకం, అది కూడా దిగిపోయింది. పుండ్లు మానగానే కొండ మీద చేమదుంపల తోట వీడిదే. రోజూ కావడి మోసేది నా మేనల్లుడే."

అందరూ చప్పట్లు కొట్టారు. "మావయ్యా, నాకింకా..." అనబోయి ఫిలెమోని ఆగిపోయాడు. నిన్నటిదాకా నొప్పి అంటే నవ్వేవాళ్లు. పచ్చబొట్టు ఉన్నవాడు నొప్పి అంటే ఇంటిల్లిపాదికీ సిగ్గు. మూలగడానికి ఉన్న కాస్త వీలూ తన చేతులతోనే పోగొట్టుకున్నాడు. వాడికి భయం వేసింది. అమ్మ కోసం వెతికాడు.

లగి వచ్చి పక్కన కూర్చుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. నాలుగేళ్లలో ఆమె ముఖం అంత తేటగా ఉండటం వాడు చూడలేదు.

"నన్ను కూడా నమ్మించావు కదరా, దొంగ వెధవా," అంది వాడి చెంప నిమురుతూ. "దేవుడి దగ్గర ఎన్నిసార్లు ఏడ్చానో తెలుసా? ఏ రోగమూ లేదు కదూ? ఒక్కమాట చెప్పరా, నా కడుపు చల్లబడుతుంది."

ఫిలెమోని ఆమె కళ్లు తుడిచాడు.

"లేదమ్మా," అన్నాడు. "అబద్ధం ఆడాను. తప్పయిపోయింది."

ఆమె వాణ్ణి క్షమించింది.