కడగని కత్తెర

"ఉల్లిపాయ కోసిన కత్తి కడక్కుండానే బొప్పాయి కోశారా?" అన్నాను.

"ఇంక కత్తికి కూడా మడి కట్టించు, సిరీషా," అన్నారు మావారు రాజేంద్రప్రసాద్. అత్తయ్య నవ్వారు. నేను ఆ పళ్ళెం ముట్టలేదు.

అంతలో మా పొలంలో యాసంగి నాట్లకొచ్చే రూప్లి వచ్చింది. కొంగులోని నిమ్మకాయలు, రెండాకులు అరుగు మీద పోసింది.

"గీ కాయలు జూడు, సిరీషమ్మా. బాన్సువాడ అంగట్ల ఎవ్వలు ముడ్తలేరు."

ఆమె అమ్ముకునేది తండాలో తన ఇంటి ముందున్న ఒక్క నిమ్మచెట్టు కాయలే. వాటి మీద గోధుమరంగు మచ్చలు, వేలికి గరుకుగా తగిలేంత ఎత్తుగా ఉన్నాయి. ఆకుల మీద ప్రతి మచ్చ చుట్టూ పసుపు వలయం. గజ్జి తెగులు.

"పక్కవాళ్ళ చెట్టు నుంచి అంటుకునుంటుంది. వాకిలి శుభ్రంగా ఉంచుకోవాలి," అన్నాను.

"తండల ఇంకో నిమ్మచెట్టే లేదమ్మా. వానల్ల నువ్వు కత్తిరిస్తివి సూడు, గా కొమ్మలకే ఎక్కువున్నయి."

ఆ మాటలో నింద లేదు. మందేదో చెబుతానని నా ముఖంలోకి చూస్తోంది. తర్వాత చెప్తానని పంపేసి పెరట్లోకి వెళ్ళాను.

మా నిమ్మచెట్టు కింది కొమ్మల నిండా అవే మచ్చలు. ముళ్ళు గీరుకున్నాయనుకుని ఏడాదిగా వదిలేశాను. వానాకాలంలో ఈ చెట్టు కత్తిరించి, అదే తడి కత్తెర సంచిలో వేసుకుని, చదువుకున్నదాన్ని కదా, రూప్లికి కొమ్మలు కత్తిరించడం నేర్పడానికి వెళ్ళాను. ఆమె మంచినీళ్ళిస్తే గ్లాసు మళ్ళీ కడిగించి తాగాను. కత్తెర మాత్రం తుడవలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను.

"ఆ సంగతి చెప్పడమెందుకే? మందు రాసి వచ్చెయ్యి. దానికేం తెలుస్తుంది?" అన్నారు అత్తయ్య.

అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగింది. పెరట్లో నిలబడి నేననుకున్నదీ అదే.

"మైలుతుత్తం, సున్నం తెచ్చిపెట్టండి," అన్నాను మావారితో. "ఎండగా ఉంది కాబట్టి రేపే రూప్లి చెట్టుకున్న తెగులు కొమ్మలు కోసి కాల్చేస్తాను. కోసినచోటల్లా ఆ రెండూ కలిపి పూస్తాను. ప్రతి కొమ్మకీ కత్తెర స్పిరిట్‌తో తుడుస్తాను. మన చెట్టు ఆ తర్వాతే."

"అదీ మడేనా?" అన్నారాయన, మెల్లగా.

"తెగులు తెచ్చింది నేనేనని రూప్లికి చెప్పాకే కొమ్మ ముట్టుకుంటాను," అన్నాను.