ముందు చేరండి, తర్వాత మారండి

మా అమ్మాయికి మార్కులు తక్కువొచ్చాయి. చదివితే కంప్యూటర్ ఇంజనీరింగే చదువుతానంటోంది. బావమరిది మమ్మల్ని ఒక అడ్మిషన్ల సలహాదారు దగ్గరికి లాక్కెళ్లాడు.

"పెద్ద యూనివర్సిటీలో గనుల ఇంజనీరింగ్ సీటు సులువండి. ముందు చేరిపోండి, తర్వాత కంప్యూటర్స్‌కి మారొచ్చు," అన్నాడా టై కట్టిన పెద్దమనిషి.

నాకు నవ్వొచ్చింది. అమ్ముడుపోని జోళ్లను "తర్వాత మార్చుకోండి" అని అంటగట్టడం నా చెప్పుల కొట్లో రోజూ జరిగేదే.

"అక్కడ సీటు ఖాళీ అయితేనే కదా మారేది? కంప్యూటర్స్ సీటు వదిలేసి గనుల్లోకి దిగే వెర్రిబాగులవాడు ఎవడయ్యా?" అన్నాను.

"అవకాశమైతే ఉందండి," అని నీళ్లు నమిలాడు.

"పెద్ద పేరు కదా బావా!" అన్నాడు బావమరిది.

"అయితే నువ్వు చేరి తవ్వుకోరా."

అమ్మాయి లేచింది. "పదండి నాన్నా. చిన్న కాలేజీలో కంప్యూటర్స్‌కి నా మార్కులు చాలు."

సలహాదారు మొహం చిట్లించాడు. అక్కడ వాడికి కమీషన్ ఉండదు కాబోలు.