దేవుడి గూట్లో వారం రోజులు

నేను ఒక చప్పుడు కొలిచే యంత్రాన్ని. అగ్గిపెట్టెలో సగం ఉంటాను. నన్ను మెడలో వేసుకున్న మనిషి చుట్టూ ఎంత మోత ఉందో, అందులో మాటలెన్నో రోజంతా రాసుకోవడం నా పని. గుసగుస కూడా నన్ను దాటిపోలేదు. ఏం లాభం! నాకు చెవులిచ్చిన మహానుభావులు నోరివ్వలేదు.

హైదరాబాదులో పుట్టాను. మొదట ఒక పంతులమ్మ మెడలో, తర్వాత ఒక బస్సు కండక్టరు మెడలో తిరిగాను. ఆ కండక్టరు దగ్గర ఊపిరి సలపనంత పని. ఆ తర్వాత చెవుల పరీక్షలు చేసే సుహాసిని నన్ను సిరిసిల్లకు తెచ్చి దూస రాజమౌళి మెడలో వేసింది.

ఆయన ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి చెవులు పోగొట్టుకున్న మనిషి. పోగు తెగితే సాంచ చప్పుడు మారుతుంది. అది ఆయనకు వినిపించక బట్ట పాడవుతోంది. నెలాఖరులోగా చెవులు బాగుచేయించుకోకపోతే పని మాన్పిస్తానని సాంచాల యజమాని, అదే ఆసామి, చెప్పేశాడు.

"వారం రోజులు మెడలనే ఉండాలె పెద్దనాయినా. మోత ఎంతున్నదో చూసి దానికి తగ్గట్టు చెవి మిషిను ఇస్తం. తడి, దుమ్ము తగలనియ్యకుండ్రి, ఖరీదైంది," అని సుహాసిని ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

ఆ చివరి మాటే కొంప ముంచింది. మర్నాడు ఆయన సాంచాల షెడ్డుకు బయలుదేరుతుంటే భార్య కమలవ్వ అడ్డుపడింది. "అయ్యో, గాడంత దుబ్బ, దుమ్మే గదా! ఖరాబైతే ఆ పిల్లకు ఏం జెప్తవ్?" అంటూ నన్ను తీసి దేవుడి గూట్లో పెట్టింది. దసరాకు సాంచాలకు పెట్టినట్టే నాకూ పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ బొట్టు సరిగ్గా నేను వినే రంధ్రం మీద పడింది!

ఇక నా బతుకు చూడండి. పొద్దంతా అగరొత్తుల పొగ. ఆయన పన్నెండు గంటలు ఆ మోతలో నలిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, అప్పుడు నన్ను మెడలో వేసుకునేవాడు. నాకు ఇబ్బందని కమలవ్వ టీవీ కూడా ఆపేసేది. ఏం మర్యాద తల్లీ! పాడైతే పాడైపోతాను, నన్ను షెడ్డుకు తీసుకుపో నాయనా అని అరవాలనిపించేది. ఏడు రోజులూ ఇదే వరస.

ఎనిమిదో రోజు సుహాసిని నన్ను కంప్యూటరుకు తగిలించి, గీతలు చూసి మొహం చిట్లించింది.

"ఇంత నిమ్మళంగ ఉన్నదేంది పెద్దనాయినా? షెడ్డుల పెట్టుకోలేదా?" అని గట్టిగా అడిగింది.

"దుబ్బ సోకనిస్తనా బిడ్డా? గూట్ల పెట్టి పానం లెక్క చూసుకున్నం," అన్నాడు రాజమౌళి గర్వంగా.

సుహాసిని తల పట్టుకుంది. దుమ్ము మాట ఎత్తింది తనే కదా, ఎవరిని తిడుతుంది! నన్ను ఆయన చేతికిచ్చి గట్టిగా, "ఇంకో వారం పెట్టుకోండ్రి. ఈసారి సాంచల నడుమనే," అంది.

ఆయన నన్ను తీసుకుని తువ్వాలుతో తుడిచి, మళ్లీ ఆమె బల్ల మీదే పెట్టాడు.

"నిన్నటితో నెలాఖరైపోయింది బిడ్డా. నా సాంచల మీద ఆసామి ఇంకొకన్ని నిలవెట్టిండు."