బకెట్టుకు సగం మూత

తండ్రి నీటి శుద్ధి కేంద్రంలో ముప్పై ఒక్కేళ్లు క్లోరిన్ కలిపి రిటైరయ్యాడు. కూతురు ఇప్పుడు అక్కడే ల్యాబులో పనిచేస్తోంది. ఇంట్లో గాజుతొట్టె, అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు. శుక్రవారం రెండు బకెట్ల కుళాయి నీళ్లు పట్టి, చేపలకు పడని క్లోరిన్ ఎగిరిపోయేలా మూత పెట్టకుండా ఉంచడం, శనివారం మధ్యాహ్నం వాసన చూసి, తొట్టెలో మూడోవంతు నీళ్లు తోడేసి వీటిని పోయడం. ఆయనకు మిగిలిన డ్యూటీ అదొక్కటే.

నాలుగు నెలల కిందట కేంద్రంలో క్లోరిన్‌తో పాటు అమ్మోనియా కలపడం మొదలుపెట్టారు, ఊరి చివరి గొట్టాల దాకా క్లోరిన్ నిలబడాలని. ఆ రోజే కూతురు చెప్పింది.

"ఇక ఒకరోజు ఉంచితే క్లోరిన్ పోదు నాన్నా. విరుగుడు మందు కలపాల్సిందే."

"నిన్నగాక మొన్న చేరి నాకు నీళ్ల పాఠం చెప్తావా? నువ్వు పాలసీసాతో తిరిగే రోజుల్లోనే నేను ఫోర్‌మన్‌ని."

ఆమె వాదన పెట్టుకోలేదు. మందు సీసా కొని బీరువాలో దుప్పట్ల వెనక దాచింది. శనివారం పొద్దున ఆయన స్నానానికి వెళ్లగానే బకెట్టుకు సగం మూత చొప్పున కలిపేది. చేపలు బాగానే ఉన్నాయి. ఆయన మీసం మెలేశాడు.

"చూశావా? మీ ల్యాబంతా ఒకవైపు, నా ముక్కు ఒకవైపు."

ఒక శుక్రవారం ఆమెకు రాత్రి డ్యూటీ పడింది. తెల్లారి రావలసిన మనిషి రాలేదు. పదకొండింటికి ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, ఇవాళ నీళ్లు మార్చకు. నేనొచ్చాక మారుద్దాం."

"ఎందుకూ?"

"నేనూ చూస్తాను."

"చూడ్డానికి అదేమన్నా సినిమానా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆయన నాలుగు నెలల గెలుపును చేతిలోంచి లాక్కున్నట్టే.

"సాయంత్రం దాకా ఆగు, అంతే."

"చూద్దాంలే," అని ఆయన పెట్టేశాడు.

నాలుగింటికి ఆమె ఇల్లు చేరేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. రెండు పక్కకు ఒరిగి తేలుతున్నాయి. చెప్పులు కూడా విడవకుండా సీసా తెచ్చి, తొట్టె మొత్తానికి లెక్కగట్టి పోసింది.

"నా ముక్కు చచ్చిందమ్మా," అన్నాడు తండ్రి. "వాసనే తెలీలేదు. ఇంకోరోజు ఉంచాల్సింది."

ఊరుకుంటే వచ్చేవారం రెండురోజులు ఉంచి పోస్తాడు.

"రెండురోజులుంచినా పోదు నాన్నా. ప్రతివారం నేనే మందు కలుపుతున్నా."

ఆయన సీసా అందుకుని వెలుతురుకెత్తి చూశాడు. అడుగున రెండువేళ్ల మందం మిగిలింది.

"ఫోన్‌లో ఈ ముక్క చెప్పొచ్చుగా?"



చీకటి పడేలోపు ఐదు పోయాయి. తరువాతి శుక్రవారం ఆయన బకెట్ల జోలికి వెళ్లలేదు. శనివారం ఆమే నీళ్లు పట్టి, మందు కలిపి, ఆయన్ని పిలిచింది.

"నాన్నా, రా. మగ్గు అందుకో."

"ఎలాగూ పోసేది నువ్వేగా. పోసెయ్," అన్నాడాయన, గోడవైపు తిరిగి పడుకునే.