ఏడో మెట్టు మీది హవాయి రాణి

మా అత్తగారు రాజేశ్వరమ్మ గారు నెల్లూరు నుంచి అమెరికాలో మా ఇంటికి వచ్చేటప్పుడు సూట్‌కేసుల్లో గోంగూర పచ్చడికి చోటు దొరికింది గానీ, కొలువు బొమ్మలకి దొరకలేదు. దసరా ముంచుకొచ్చేసరికి ఆవిడకి దిగులు పట్టుకుంది. మా ఆయన ఉమాకాంత్ గరాజ్‌లోని పుస్తకాల అరలూ అట్టపెట్టెలూ కలిపి ఏడు మెట్లు కట్టిపెట్టాడు. మెట్లున్నాయి, తెల్ల దుప్పటి ఉంది, బొమ్మలే లేవు.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి నైనికకి బొమ్మలు కావలసివచ్చాయి. ఎనిమిదో తరగతి చదువుతోంది. ఇంగ్లండు వలసల కాలం నుంచి సముద్రం దాటి దీవులు పట్టుకునేదాకా అమెరికా చరిత్రంతా నమూనాగా చేసి చూపించాలట. కనీసం ‘ఏ మైనస్’ గ్రేడైనా రాకపోతే వచ్చే ఏడు హైస్కూల్లో తెలివైన పిల్లల ఆనర్స్ హిస్టరీ క్లాసు ఇవ్వరు. స్నేహితురాళ్ళంతా ఒక క్లాసులో, ఇదొక్కతే ఇంకో క్లాసులో. ఇంత కథ కడుపులో పెట్టుకుని, గడువు నెత్తిమీదికొచ్చాక చెప్పింది మహాతల్లి. నేను నోరు తెరిచేలోపే అత్తగారు అడ్డొచ్చారు.

"దాని చరిత్రేదో నా మెట్ల మీద పెట్టుకోమను. నాకు బొమ్మలైనట్టూ ఉంటుంది, దానికి మార్కులొచ్చినట్టూ ఉంటుంది."

ఇక మా హాల్లో అమెరికా పుట్టింది. అట్టడుగు మెట్టు మీద లెగో మనుషులు ఓడ దిగారు. సెకండ్ హ్యాండ్ షాపులో దొరికిన చెక్క సిపాయి ఇంగ్లండు రాజయ్యాడు. రాజుని అంత కింద పెట్టడానికి అత్తగారు ససేమిరా అన్నారు.

"ఆయన బ్యాడ్ గయ్, నానమ్మా," అంది నైనిక.

"రావణాసురుడూ బ్యాడ్ గయ్యే. అయినా రాజు రాజే కదా. పైన పెట్టు."

"నో నానమ్మా, డేట్స్ ప్రకారం పెట్టాలి. లేకపోతే పాయింట్స్ పోతాయి."

పాయింట్లు పోతాయనగానే రాజు కిందికి దిగాడు. బోస్టన్ రేవులో పారబోయడానికి టీ పొడి అడిగితే, పొద్దున కాచి వడకట్టిన పిప్పి ఇచ్చారు ఆవిడ. సముద్రంలో పోసేదానికి మంచి పొడి దేనికని వాదన.

ప్రతి మెట్టు దగ్గరా ఆవిడది ఒకటే ప్రశ్న: "మరి అంతకుముందు అక్కడున్నవాళ్ళు ఏమయ్యారే?" పడమటి దిక్కుకి బొమ్మ రైలు పాకినా అదే, టెక్సాస్ వచ్చి కలిసినా అదే. నైనిక ఓపిగ్గానే చెప్పింది. పత్తి చేలకి దీపం వత్తుల పత్తి వాడారు. ఆ పత్తి ఎవరు ఏరారో, వాళ్ళని ఎలా తెచ్చి అమ్మారో పిల్ల చెప్పాక, అత్తగారు చేతిలోని వత్తి పక్కన పెట్టేశారు. నాకూ మనసు పాడైపోయింది.

మిగిలింది ఏడో మెట్టు. దాని మీద హవాయి రాణి ఉండాలి. ఆవిడ రాజ్యాన్ని లాక్కుని దేశంలో కలుపుకున్నారట. పక్క వీధి రేష్మ ఇంటికి పేరంటానికి వెళ్ళి, నానమ్మా మనవరాలూ గడ్డి లంగా కట్టిన బొమ్మతో తిరిగొచ్చారు.

"ఎక్కడిది?" అన్నాను.

"రేష్మ ఆంటీ వాళ్ళ రియా ఇచ్చింది," అంది నైనిక.

నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను, ఊరుకున్నాను. రాణికి గడ్డేమిటని అత్తగారు ఆ బొమ్మకి పట్టు జాకెట్ ముక్క చుట్టి, కలశం పక్కనే నిలబెట్టి హారతిచ్చారు.

మర్నాడు నైనిక అట్టపెట్టెలు తెచ్చి, బొమ్మలన్నీ సర్ది స్కూలుకి తీసుకెళ్ళబోయింది. అత్తగారు మెట్లకి అడ్డంగా నిలబడ్డారు. కొలువు తీరాక దశమి దాకా బొమ్మ కదపకూడదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ ముక్క నాకు ముందే తట్టలేదు చూడండి. నైనిక ఏడుపు, అత్తగారి పట్టుదల, మధ్యలో నేను. చివరికి సిగ్గు విడిచి టీచరుకి ఈమెయిల్ రాశాను. ప్రాజెక్టు స్కూలుకి రాలేదు కాబట్టి మిసెస్ విట్‌కమ్ గారే మా ఇంటికొచ్చారు.

బూట్లు విప్పారు, బొట్టు పెట్టించుకున్నారు, శనగల గుగ్గిళ్ళు రెండుసార్లు అడిగి తిన్నారు. మెట్టు మెట్టుకీ ప్రశ్నలు వేస్తుంటే నైనిక టకటకా చెబుతోంది. హమ్మయ్య అనుకుంటుండగా రేష్మ తన కూతురు రియాని తీసుకుని పేరంటానికొచ్చింది. రియా నేరుగా ఏడో మెట్టుకి వేలు చూపించి, "దట్స్ అవర్ డాల్," అంది.

"ఇది మేము హనీమూన్ పోయినప్పుడు హవాయిల కొన్న బొమ్మ," అంది రేష్మ నెమ్మదిగా. "మూడు రోజుల సంది ఇల్లంత దేవులాడుతున్న."

నాకు తల కొట్టేసినట్టయింది.

"రియా ఓకే అంది ఆంటీ," అంది నైనిక. "నానమ్మ దానికి రెండు సున్నుండలు కూడా ఇచ్చింది."

"నైనికా, రియాకి ఐదేండ్లు," అంది రేష్మ.

ఏమైందని మిసెస్ విట్‌కమ్ అడిగారు. నైనిక తలొంచుకుని అంతా ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ మెట్ల వైపు కింది నుంచి పైదాకా చూశారు.

"అంటే, ఇచ్చే హక్కు లేనివాళ్ళని మంచి చేసుకుని, వాళ్ళ చేత సరేననిపించుకున్నారన్నమాట," అన్నారు. "ఇప్పుడేం చేస్తారు?"

నైనిక నానమ్మ చెవిలో గొణిగింది. "ఇచ్చేస్తే నాకు లాస్ట్ స్టెప్ ఉండదు నానమ్మా. ఆనర్స్ రాదు. దశమి దాకా మూవ్ చెయ్యకూడదు అన్నావు కదా, అది చెప్పు ఆంటీకి."

అత్తగారు కలశం వైపు చూశారు. ఆచారం తప్పితే ఆవిడకి నిద్ర పట్టదు. మనవరాలు ఏడిస్తే అసలే పట్టదు.

"అక్కడున్నవాళ్ళు ఏమయ్యారని ఇన్నాళ్ళూ నిన్ను సతాయించానే," అన్నారు. "ఇప్పుడు నేనే ఉంచుకుంటే ఏం బాగుంటుంది?"

దశమి నాడు కొలువు ఎత్తేముందు ఒక బొమ్మని పడుకోబెట్టినట్టే, రాణిని ఒక్క క్షణం పడుకోబెట్టి దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత పట్టు ముక్కతో సహా తీసి రేష్మ చేతిలో పెట్టారు. "తప్పయింది తల్లీ," అన్నారు. రేష్మ ఇబ్బందిపడిపోయి, దశమి దాకా ఉంచుకోమంది. అత్తగారు వినలేదు. నైనిక కళ్ళు తుడుచుకుంటూ గదిలోకి వెళ్ళిపోయింది.

సోమవారం మార్కులొచ్చాయి. ఏ మైనస్. నేను ఊపిరి పీల్చుకున్నాను. నైనిక ఆనర్స్ అంటూ ఇల్లంతా గంతులేసి, టీచరు రాసిన మాట చదివి వినిపించింది: "చివరి మెట్టులో చరిత్ర తప్పింది. హవాయిని తిరిగి ఇవ్వలేదు."

అత్తగారికి ఒళ్ళు మండింది. "ఇవ్వనిది వాళ్ళయితే మైనస్ నీకెందుకే? వాళ్ళకి వెయ్యమను."

"వాళ్ళంటే ఎవరు నానమ్మా? నేను ఇక్కడే పుట్టా కదా," అంది నైనిక. "వాళ్ళంటే నేనే."

అత్తగారు దాని చెంప నిమిరారు.

"అయితే సరిగ్గానే వేసింది," అన్నారు.