డబ్బా బరువు

కొరియర్ బిల్లు నెలకొక్కసారి కడితే చాలన్నప్పుడు, అబ్బ, ఎంత మంచివాళ్ళో అనుకున్నాడు బాలరాజు. 2007లో మేడ్చల్ మండలం మొత్తం మీద అంతకంటే తెలివితక్కువ ఆలోచన ఇంకెవరికీ వచ్చి ఉండదు. ఏ రోజు డబ్బులు ఆ రోజే కట్టమని ఉంటే మొదటి పార్సిల్ దగ్గరే నెత్తిన మొట్టికాయ పడేది, బుద్ధి వచ్చేది. అలా కాలేదు. రెండు వందల పన్నెండు మామిడికాయ పచ్చడి పార్సిళ్ళు హాయిగా పంపించనిచ్చి, జూన్ ముప్పయ్యో తారీఖు పొద్దున బిల్లు చేతిలో పెట్టారు.

ప్రతి వరసలోనూ డెబ్బై రూపాయలు ఉండాలి. నూట ఐదు ఉంది. పక్కన బరువు గడిలో కిలో ఉండాలి. ఒకటిన్నర కిలో ఉంది. ఒకటో రెండో తప్పు పడ్డాయనుకోవడానికి కూడా లేదు, పైనుంచి కింది దాకా అదే అంకె.

"కాకా, నేను పంపింది కిలో తొక్కు. గీ అర్ధ కిలో ఏడికెల్లి వచ్చింది?" అని అడిగాడు.

కొరియర్ ఆఫీసులో తూకం చూసే వెంకటనర్సయ్య తల ఎత్తలేదు. "మిషిన్ ఎంత సూపెడితె గంత రాసినం తమ్మీ. జర పక్కకు జరుగు, ఎనక మంది ఉన్నరు" అన్నాడు.

పక్కకు జరిగి నిలబడ్డాడు. అర్ధ కిలో! దారిలో దయ్యాలు వచ్చి వేసిపోవు కదా. తొక్కు తూచేది అమ్మ, డబ్బాలో నింపేది అమ్మ. ఇంకెవరి చెయ్యీ పడదు. అమ్మ చెయ్యి గుర్తుకు రాగానే అంతా తేటతెల్లమైనట్టు అనిపించింది. గబగబా బయటకు వచ్చి షామీర్‌పేట వైపు పోయే ఆటో ఎక్కాడు.

అతని కోపం అర్థం కావాలంటే తోట సంగతి చెప్పాలి. షామీర్‌పేట దాటాక మట్టిబాట మీద ఎకరం నేల, పద్నాలుగు మామిడి చెట్లు, మధ్యలో రెండు గదుల ఇల్లు. చెట్లు నాటింది నాయిన లింగస్వామి. ఆయన పోయాక నేల తల్లి యాదవ్వ పేరు మీదికి వచ్చింది. రింగు రోడ్డు పడుతుందన్న మాటకే చుట్టుపక్కల నేలలన్నీ ప్లాట్లయిపోయాయి. కొంపల్లిలో ప్లాట్ల బేరాలు చేసే పెద్దకొడుకు భాస్కర్ ఉగాది నాడు వచ్చి కూర్చుని, ఆ కాయలు అమ్ముకుని ఏం బాగుపడ్డారు, నేల అమ్మేద్దామన్నాడు. దుర్మార్గుడేం కాదు. అతని కడుపులోనూ ఇద్దరు పిల్లల చదువుల బాధ ఉంది. యాదవ్వ ఏడిస్తే మెత్తబడి ఒక గడువు పెట్టాడు.

"ఆషాఢం ఎల్లేదాక సూస్తనమ్మా. తోట దాని ఖర్చు అది ఎల్లదీసుకోని నాలుగు పైసలు మిగిలిస్తదని తమ్ముడు సూపెడితె, నేను మల్ల గీ మాట ఎత్త. లేకుంటె మాత్రం నువ్వు ఏలిముద్ర ఎయ్యాలె."

యాదవ్వ సరేనంది. బాలరాజు అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి, తోట పోనియ్యనని ఒట్టేశాడు. దూలపల్లిలో తను పనిచేసే ప్లాస్టిక్ కంపెనీ మూతపడి అప్పటికి ఏడాది. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, పిల్లనిచ్చే వాడు లేడు. ఆ తోట, ఆ తల్లి తప్ప వాడికి ఈ లోకంలో నాది అనుకోవడానికి ఏమీ లేదు.

దారి చూపింది మేడ్చల్‌లో నెట్ సెంటర్ నడిపే మధుసూదన్. ఇంట్లో కూర్చుని దేశం మొత్తానికి సరుకు అమ్ముకునే అంగడి ఒకటి కంప్యూటర్‌లో ఉందని, పుణెలో, బెంగుళూరులో ఉన్న తెలుగువాళ్ళు తొక్కు కోసం మొహం వాచి ఉన్నారని చెప్పాడు. డబ్బా ఫొటో తీసి ఎక్కించాడు. ఒక గడి దగ్గర ఆగి, "కొనేటోళ్ళు కట్టాల్సిన పంపే ఖర్చు ఎంత రాయాలె అన్నా?" అని అడిగాడు. బాలరాజు జేబులోంచి కొరియర్ వాళ్ళ రేట్ల కాగితం తీశాడు. అర్ధ కిలోకు ముప్పై ఐదు. అంటే కిలోకు డెబ్బై. "డెబ్బై రాయి" అన్నాడు, తాతల నాటి నుంచీ కొరియర్ వ్యాపారంలోనే ఉన్నవాడిలాగా.

ఒక్క నిమిషం పట్టింది ఆ గడి నింపడానికి. తోట ఆ నిమిషంలోనే పోయిందని ఎవరికి తెలుసు?

తొక్కు మాత్రం ఎగబడి కొన్నారు. నూట యాభై రూపాయల డబ్బాకు అన్ని ఖర్చులూ పోను ముప్పై మిగులుతుందని వాడి లెక్క. తింటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని పుణె నుంచి ఒకావిడ రాసింది. మధుసూదన్ అది చదివి వినిపించిన రోజు బాలరాజు మేడ్చల్ నుంచి ఇంటి దాకా ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆషాఢం వెళ్ళాక అన్న మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని తనలో తాను నవ్వుకున్నాడు.

ఇప్పుడు ఆటో దిగి అదే బాటలో పరుగులాంటి నడకతో వచ్చాడు. యాదవ్వ వసారాలో తరాజు ముందు కూర్చుని ఉంది. తట్టలు రెండూ సరిసమానంగా నిలిచాక, కాగులో గంటె ముంచి, ఇంకాస్త తొక్కు తీసి డబ్బాలో వేసింది. ముప్పై ఏళ్ళు షామీర్‌పేట అంగడిలో అమ్మిన మనిషి. తూకం సరిపోయాక కొంత కొసరు వెయ్యకుండా ఎవరి చేతికీ సరుకు ఇచ్చి ఎరగదు.

"తూకం అయినంక మల్ల ఎందుకేస్తున్నవమ్మా?" అన్నాడు.

"కొసరు బిడ్డా."

"ఎంత?"

"ఎంతేంది? ఒక్క గంటె. దూరపోళ్ళాయె పాపం, ఇంగో సగం."

"నీ కొసరు పాడుగాను!" అని అరిచాడు. ఆ అరుపుకు ఆమె చేతిలో గంటె జారి పడింది. "ఒక్కొక్క డబ్బాకు ముప్పై ఐదు రూపాయలు ఎక్కువ పట్టిండ్రు ఎరికేనా? నీ గంటెల పోయినయ్! మిగిలేది పోయి ఎదురు పైసలు కట్టాల్నట. ఎన్ని అమ్మితె గంత మునిగినం. ఇగ తోట పోతాంది, నీ చేతుల్నే పోతాంది. నాయిన పెట్టిన చెట్లు నువ్వే అమ్ముకున్నవ్, ఇగ సల్లగుండు!"

యాదవ్వ బిత్తరపోయి చూసింది. "గింత దానికి గంత పైసలా?" అంది.

మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. నింపి పెట్టిన డబ్బాలన్నీ ముందేసుకుని, మూతలు తీసి, కొసరు వేసినదంతా గంటెతో తిరిగి తోడేసింది. ప్రతి డబ్బా మళ్ళీ తరాజుకెక్కించింది. తట్ట రవ్వంత కిందికి ఒరిగినా వేలితో తీసి కాగులో విదిలించింది. దొంగతనం చేస్తున్నదానిలాగా అటూ ఇటూ చూస్తూ చేసింది ఆ పని. బాలరాజు గడపలో కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఊరుకొమ్మని ఒక్క మాట అంటే వాడి సొమ్మేం పోయేది? అనలేదు.

మర్నాడు పది పార్సిళ్ళు తీసుకుని కొరియర్ ఆఫీసుకు పోయాడు. మొదటిది తూకం మిషన్ మీద పెట్టి, "ఇగ రాయి కాకా, కిలో" అన్నాడు.

వెంకటనర్సయ్య అంకె చూసి, "కిలో రెండొందల నలభై" అన్నాడు.

"గదెట్ల? నా కండ్ల ముంగట తూకమేసింది మా అమ్మ. పిసరంత ఎక్కువ లేదు."

"తొక్కు కిలోనే ఉండొచ్చు తమ్మీ. డబ్బా బరువుండదా? దాని మీద అట్టపెట్టె? లోపట కుక్కిన కాయితాలు?"

"డబ్బా బరువు తీసెయ్యరా?"

వెంకటనర్సయ్య కళ్ళద్దాలు తీసి వాడి మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదని తెలిశాక గొంతు తగ్గించి, "లారీ మోసేది డబ్బాతోని గదా తమ్మీ. కిలో మీద పది గ్రాములు పెరిగినా కిలోన్నర కిందనే కడతరు. గా రేట్ల కాయితం కిందనే రాసుంటది" అన్నాడు.

అంగడిలో గిన్నె బరువు ఎవరైనా లెక్కగడతారా? కొనేవాళ్ళు ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుంటారు. యాదవ్వ మొదట ఖాళీ గిన్నె ఒక తట్టలో పెట్టి, అవతలి తట్టలో రాళ్ళు వేసి, రెండూ సరిచేశాకే తూకం మొదలుపెడుతుంది. ఖాళీ డబ్బాకు పైసలడిగేవాళ్ళుంటారని ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరికీ తట్టలేదు. వాడికి మాత్రం ఎట్లా తడుతుంది? పట్టణపు వ్యాపారం మీద అంగడి తూకం పెట్టాడు, మునిగాడు.

ఉన్నట్టుండి ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. "కాకా, మొన్నటి డబ్బాలు ఎంత తూగినయ్?"

వెంకటనర్సయ్య రిజిస్టరు తిప్పాడు. "కిలో మున్నూట ఎనభై. కిలో నాలుగొందలు. మల్ల మున్నూట తొంభై. అన్నీ గంతలనే ఉన్నయ్. గవీ కిలోన్నరనే, గివీ కిలోన్నరనే. నువ్వు తగ్గించుకోని ఏం ఫాయిదా లేదు తమ్మీ. ఎట్లైనా కిలోన్నరకు కడుతున్నవ్, ఇంగో వంద గ్రాములు ఏసినా అడిగేటోడు లేడు."

అంటే అమ్మ వేసిన కొసరుకు ఒక్క పైసా ఖర్చు కాలేదు. ఆ రెండు వందల పన్నెండు డబ్బాల్లో ఒక్కదానికి కూడా కాలేదు. తప్పంతా డెబ్బై అని రాయించిన తనది. బాలరాజు బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

నెట్ సెంటర్‌కు పోయి మధుసూదన్ చేత పంపే ఖర్చు నూట ఐదుకు మార్పించాడు. కానీ ఇంకా పంపాల్సిన వాళ్ళు తొంభై మంది ఉన్నారు. వాళ్ళంతా పాత రేటు ప్రకారం కట్టేశారు. ఐదు రోజుల్లో పంపకపోతే కంప్యూటర్ అంగడివాళ్ళు దుకాణం ఎత్తేస్తారట. పంపాడు, తెలిసి తెలిసి. కొత్త రేటు పెట్టాక తొమ్మిది రోజుల్లో వచ్చినవి రెండే రెండు ఆర్డర్లు. నూట యాభై రూపాయల తొక్కుకు మోతకూలి నూట ఐదు ఎవడిస్తాడు చెప్పండి? డబ్బాకు ముప్పావు కిలో చొప్పున నింపి ఉంటే అన్నీ కలిపి కిలో లోపలే ఉండేది. ఈ తెలివి జూన్ మొదట్లోనే రావాలి. జూలైలో వచ్చింది. అప్పటికి చెట్ల మీద ఒక్క కాయ లేదు, కాగులో తొక్కు అడుగంటింది.

అమ్మకు చెప్పాలనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఒకరోజు ఆమె వాకిలి ఊడుస్తుంటే దగ్గరికి పోయి, "అమ్మా" అన్నాడు.

"ఏంది కొడుకా?" అని చీపురు ఆపింది. ఆ చూపులో భయం ఉంది. మళ్ళీ ఏం తప్పు చేశానో అన్న భయం. కన్నతల్లి తనను చూసి భయపడుతున్నదని తెలిశాక మాట మార్చి, "మంచినీళ్ళియ్యి" అన్నాడు.

ఆషాఢం వెళ్ళిన మర్నాడు భాస్కర్ వచ్చాడు. కుర్చీ వేసుకుని, మెల్లగానే, "ఏమైంది తమ్మీ, లెక్క సూపెట్టు" అన్నాడు. బాలరాజు కాగితాలు చేతిలో పట్టుకుని నోరు తెరిచేలోపల యాదవ్వ ముందుకొచ్చింది.

"వాన్నేమనకు భాస్కరా. పోరడు మస్తు కష్టపడ్డడు. నేనే ఆగం జేసిన. కొసరు కొసరని ఎక్కువేసి మొత్తం ముంచిన. నాకు సదువు లేకపాయె, పట్నం లెక్కలు ఎరిక లేకపాయె."

భాస్కర్ తల పట్టుకున్నాడు. "ఏందమ్మా నువ్వు! గింత వయసొచ్చింది, జర ఎనకా ముందు సూసుకోవా? పాపం వాని కష్టమంత మన్నుల పోస్తివి" అన్నాడు.

పాపం వాడు! ఆ మాట విని కూడా బాలరాజు తలవంచుకుని కూర్చున్నాడు. ఒక్క మాట చాలు. అన్నా, అమ్మది కాదు, నాది తప్పు. అంతే. నాలుక దాకా వచ్చింది. కానీ కంపెనీ పోయినవాడు, పెళ్ళి కానివాడు, ఇప్పుడు తోట పోగొట్టినవాడు అని కూడా అనిపించుకోవాలా? అమ్మనైతే అన్న ఇంకేం అంటాడులే, తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చులే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. థూ, ఏం బతుకు అది!

వారం తిరగకుండానే మేడ్చల్ రిజిస్ట్రేషన్ ఆఫీసులో పని అయిపోయింది. యాదవ్వ ఎడమ చేతి బొటనవేలు పట్టుకుని గుమస్తా నాలుగు చోట్ల ముద్రలు వేయించాడు. సాక్షి సంతకం బాలరాజు పెట్టాడు. చెట్లు ఎప్పుడు కొడతారని ఆమె అడిగితే, రేపే మిషన్ వస్తుందని కొన్నవాళ్ళ మనిషి చెప్పాడు. ఆమె తల ఊపింది.

బయట మెట్ల మీద బాలరాజు చెయ్యి పట్టుకుని ఆగింది. భాస్కర్ కారు తేవడానికి పోయాడు. చుట్టూ ఎవరూ లేరు.

"కొడుకా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. నాకు రాత్రిళ్ళు నిద్ర వడతలేదు. నీ బతుకు నా చేతులార ఆగం జేసిన. నన్ను మాఫ్ జేస్తవా? ఒక్కసారి నీ నోటితోని అను, నా పానం నిమ్మలమైతది."

వాడు ఆమె మొహం చూడలేకపోయాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? రోడ్డు మీద భాస్కర్ కారు ఆపి హారన్ కొట్టాడు.

"జేసిన అమ్మా" అన్నాడు బాలరాజు. "మాఫ్ జేసిన. పోనియ్."

యాదవ్వ రెండు చేతులూ ఎత్తి కొడుక్కు దండం పెట్టింది.